కొత్త పరుపు మీద కునుకు

హజ్రా బీకి కోపం వస్తే దూదేకుల బజారులో కుక్కలు కూడా అరుగుల కిందికి దూరేవని నరసరావుపేటలో చెప్పుకునేవాళ్లు. అది కొంచెం పెంచి చెప్పిన మాట. కుక్కల మీద ఆవిడకు ఏనాడూ కోపం లేదు. ఆవిడ కోపమంతా మనుషుల మీదే. అది కూడా ఊరికే వచ్చేది కాదు. ప్రతి కోపానికీ ఒక కారణం ఉండేది, ఆ కారణాన్ని బజారు ఈ చివర నుంచి ఆ చివర దాకా వినిపించేలా చెప్పేది.

పుట్టింది నకరికల్లులో, దూదేకే ఇంట్లోనే. మెట్టింది నరసరావుపేటలో, మళ్లీ దూదేకే ఇంటికే. భర్త సుభానీ నెమ్మదస్తుడు. పత్తి చేతికొచ్చే రోజుల్లో భుజాన దూదేకే విల్లు వేసుకుని ఊళ్లు తిరిగేవాడు. ఎవరి అరుగు మీద కూర్చోమంటే అక్కడ కూర్చుని దూది ఏకి, పరుపులూ దిండ్లూ కుట్టి వచ్చేవాడు. యుద్ధం ముదిరాక బెజవాడలో ఒక కంట్రాక్టరు సైన్యం ఆసుపత్రులకు పరుపులు కుట్టిస్తున్నాడని తెలిసి అక్కడికి వెళ్లిపోయాడు. ఇంట్లో హజ్రా బీ, అత్త జైనాబ్ బీ, ముగ్గురు పిల్లలు మిగిలారు. పెద్దది ఖదీజా, దానికి పదకొండేళ్లు. దాని తర్వాత మౌలాలీ. ఆఖరివాడు చాంద్ బాషా.

సుభానీ పాత విల్లును దూలానికి వేలాడదీసి వెళ్లాడు. దూది మూటలతో జనం వచ్చేవాళ్లు, "మగమనిషి లేడా?" అని గుమ్మంలోంచే వెనక్కి తిరిగేవాళ్లు. బెజవాడ నుంచి అందేది పిల్లల కడుపులకు చాలేది కాదు. అట్లా నాలుగైదు మూటలు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయాక హజ్రా బీ ముక్కాలిపీట వేసుకుని ఎక్కి విల్లు దించింది.

జైనాబ్ బీ నుదురు కొట్టుకుంది. "ఆడదానివై విల్లు ముట్టుకుంటావటే? మన ఇంటా వంటా ఉందా?"

"ముట్టుకోకపోతే తినేది మన్నా? చెప్పత్తా, నువ్వు చెప్పినట్టే వింటా."

మర్నాటి నుంచి ఆ ఇంట్లో కొయ్యగుండు దెబ్బకు విల్లు నరం టంగుటంగుమని మోగడం మొదలైంది. బజారు మగవాళ్లు వచ్చి తొంగిచూసి నవ్వారు. హజ్రా బీ గుండు ఎత్తి చూపించి, నవ్వే పళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెడతానంది. వాళ్లు పోయారు. దూది మూటలు ఇక వెనక్కి పోలేదు.

అయితే ఒక్క మనిషికి రెండే చేతులు. ఆమె పొద్దస్తమానం విల్లు దగ్గరే కూర్చుంటే ఇంటిపని ఎక్కడిదక్కడ ఆగిపోయేది. ఇంట్లో నీళ్లతొట్టి నింపాలంటే మంచినీళ్ల బావి దూరం. పొయ్యిలోకి పత్తికట్టె ఊరి బయటి చేల నుంచి ఏరుకొచ్చుకోవాలి. జొన్నలు విసరాలి. మేకను తోలుకెళ్లాలి. ఎగిరిపడిన దూది సాయంత్రానికి మంచు కురిసినట్టు ఇల్లంతా పేరుకునేది, దాన్ని ఊడవాలి. ఇవన్నీ ఎవరూ చెప్పకుండానే ఖదీజా మీద పడ్డాయి. మగపిల్లలిద్దరూ పొద్దున గంజి తాగి స్టేషను వైపు పరుగెత్తేవాళ్లు. సిపాయిల రైళ్లు పోతుంటే కట్ట మీద నిలబడి చేతులూపడమే వాళ్లకు పని.

హజ్రా బీ మొదట అరిచింది. తర్వాత చింతబరికె తీసింది. బరికె ఎత్తగానే వాళ్లిద్దరూ నాయనమ్మ వెనక్కి చేరేవాళ్లు. జైనాబ్ బీ రెండు చేతులూ చాపి అడ్డం నిలబడేది.

"మగపిల్లోళ్ల నెత్తిన కడవ పెడతావా? రేపు బజారోళ్లు నవ్వరూ?"

"నేను విల్లు పట్టినప్పుడూ నవ్వారు. ఆ నవ్వులకి మన తొట్టి నిండిందా? తప్పుకో అత్తా, నీక్కూడా తగులుద్ది."

"కొట్టు. నన్నే కొట్టు. నా కొడుకు బెజవాడ నుంచి వచ్చినాక చెప్తా."

బరికెలు విరిగేవి గాని తొట్టి నిండేది కాదు. చివరికి ఖదీజాయే నోరు మెదపకుండా కడవ తీసుకుని వెళ్లేది. అది చూసి హజ్రా బీకి ఇంకా ఒళ్లు మండేది. కానీ ఆ మంట ఎవరి మీద చూపించాలో తెలిసేది కాదు. మూట విప్పి దూదిని బాదేది.

ఆ ఏడు ఎండాకాలంలో ఊళ్లో ఒక ప్లీడరు గారింటికి పరుపు కుట్టింది. కుట్టడం అయిపోయి, తన ఇంటి నడవలో పరిచి, ఎగుడుదిగుళ్లు లేకుండా కర్రతో తట్టి, చేతులు కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్లింది. వచ్చేసరికి చాంద్ బాషా పరుపు నడిమధ్య పడుకుని ఉన్నాడు. కాళ్లకు స్టేషను దుమ్ము. హజ్రా బీ గోడకానించిన బరికె అందుకుంది.

వాడు లేవలేదు. కళ్లు ఇంతలేసి చేసుకుని తల్లి వైపు చూశాడు.

"అమ్మా, ఇది కిందికి పోతందే. నన్ను పట్టుకుంటందే."

బరికె గాలిలోనే ఆగింది. వీడు పుట్టింది దూదేకుల ఇంట్లో. చుట్టూ దూదే. వాడి నోట్లో, ముక్కులో, గంజిలో దూదే. కానీ వీడి వీపు పరుపు ఎరగదు. చిరిగిన చాప మీద పుట్టాడు, ఆ చాప మీదే పెరుగుతున్నాడు. ఆ మాటకొస్తే తన వీపు మాత్రం ఎరుగునా?

"దిగరా," అంది హజ్రా బీ. "దిగి, కాళ్లు కడుక్కుని, కడవ తీసుకునిపో. తొట్టి నింపు. నింపితే మళ్లీ ఎక్కిస్తా. సాయంత్రం అసర్ నమాజు పిలుపు దాకా పడుకో. ఎవురూ లేపరు."

"నిజంగానా?"

"పోతావా, బరికె దించమంటావా?"

వాడు ఎగిరి దూకాడు. చిన్న కడవతో ఎన్నిసార్లు తిరిగాడో గాని తొట్టి అంచుదాకా నిండింది. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. హజ్రా బీ వాడి ఒళ్లు తుడిచి, పరుపు మీద తన పాత చీర పరిచి, పడుకోమంది. తల ఆనించీ ఆనించకముందే నిద్రపోయాడు.

దాంతో ఆవిడ సంతోషించిందనుకుంటే పొరపాటు. "ఇన్నాళ్లు వీపు చీరితే కదల్లేదు. పరుపనేసరికి గుర్రమైపోయాడు, దొంగ నాయాలు!" అని సాయంత్రం దాకా తిట్టుకుంటూనే ఉంది. కానీ తిట్టుకుంటూనే ఒక పద్ధతి ఏర్పాటు చేసింది. కుట్టిన పరుపు అప్పజెప్పేలోగా ఒక పూట ఇంట్లో ఉంటుంది. ఆ పూట ఎవరు పని బాగా చేస్తే వాళ్లు దానిమీద మధ్యాహ్నం నిద్రపోవచ్చు. కాళ్లూ చేతులూ కడుక్కోవాలి. కింద చీర పరవాలి. ఒకరే పడుకోవాలి. తగాదా పడితే ఇద్దరికీ లేదు.

మౌలాలీ, చాంద్ బాషా మనుషులే మారిపోయారు. సిపాయిల రైళ్లను మరిచారు. ఒకడు కట్టె తెస్తే ఇంకొకడు మేకను తోలేవాడు. ఒకడు ఊడిస్తే, "సరిగ్గా ఊడవలేదమ్మా, మూలన ఉంది చూడు," అని రెండోవాడు చాడీలు చెప్పేవాడు. జైనాబ్ బీ మొదట గునిసింది. కడవ నెత్తిన పెట్టుకోకుండా భుజాన పెట్టుకుంటే పరువు పోదని తనకు తనే ఒక తీర్పు చెప్పుకుని ఊరుకుంది.

పక్కింటి పాపమ్మ చల్లమ్ముకుని బతికే మనిషి. ఒకనాడు ముంత పోయడానికి వచ్చి, మౌలాలీ పరుపు మీద గురకపెట్టడం చూసింది.

"ఎవురి పరుపే అది?"

"మొలకలూరు కరణంగారిది."

"బాగానే ఉంది నీ పద్ధతి. ఎవురి పరుపో, ఎవురి కునుకో."

"పిల్లోడు పడుకుంటే పరుపు అరిగిపోద్దా అక్కా?"

"పరుపు అరగదే చెల్లే. చూసినోళ్ల నోరు ఊరుకోదు. నా మాటిని మానుకో."

హజ్రా బీకి ఆ మాట గుచ్చుకుంది. ఒకరి సొమ్ము తన పిల్లలకు బహుమానం చేయడం సరికాదని ఆవిడకు తెలుసు. తెలిసిన తప్పును ఇంకొకరు ఎత్తి చూపితే ఆవిడ తట్టుకోలేదు. "నీ చల్ల సంగతి నువ్వు చూసుకో, నీళ్లెక్కువయినాయి ఈమధ్య," అని పాపమ్మ మీదే విరుచుకుపడింది. పాపమ్మ రెండు రోజులు ఆ గుమ్మం తొక్కలేదు.

వర్షాలు వచ్చి వెళ్లాయి. పద్ధతి సాగుతూనే ఉంది. ఒక మధ్యాహ్నం మౌలాలీ పరుపు మీద ఉన్నాడు. పొద్దున రెండు మోపుల కట్టె తెచ్చినందుకు అది వాడి బహుమానం. చాంద్ బాషా అలిగి గుమ్మంలో కూర్చున్నాడు. ఖదీజా దొడ్డివాకిట్లో బూడిదతో గిన్నెలు తోముతోంది. హజ్రా బీ దారం ఎక్కిస్తోంది. తోముడు ఆపకుండా, తల ఎత్తకుండా ఖదీజా అడిగింది.

"అమ్మా, నేనేం పనిచేస్తే పరుపెక్కొచ్చే?"

హజ్రా బీ చేతిలో సూది ఆగిపోయింది.

ఆ పిల్ల తెల్లవారకముందే లేచి జొన్నలు విసిరింది. రొట్టెలు చేసింది. మేక పాలు పితికింది. దూదిలో గింజలూ నలుసులూ ఏరింది. తమ్ముళ్లు ఊడ్చిన చోట మళ్లీ ఊడ్చింది. వాళ్లకు అన్నీ బహుమానాలే. దీనికి ఒక్కటీ లేదు. ఎందుకంటే దీని పని పనిగా ఎవరికీ కనపడలేదు. పొద్దు పొడిచినట్టు, గాలి వీచినట్టు అదలా జరిగిపోతోంది. పరుపు పరిచే వేళకు దీని చేతుల్లో ఎప్పుడూ ఎంగిలి గిన్నెలే. ఎండాకాలం నుంచి ఎన్ని పరుపులు కుట్టింది తను! ఒక్కసారి కూడా ఈ పిల్ల పేరు నోట్లోకి రాలేదే!

జవాబు జైనాబ్ బీ చెప్పింది. "ఆడపిల్లకి పరుపేందే? ఇప్పుడు అలవాటైతే రేపు అత్తింట్లో చాప మీద నిద్ర పట్టొద్దా?"

హజ్రా బీ లేచింది. నడవలోకి పోయి, నిద్రపోతున్న మౌలాలీని రెక్క పట్టుకుని కిందికి లాగింది. వాడు బిత్తరపోయి ఏడ్చాడు.

"నేను కట్టె తెచ్చానే! నువ్వేగా పడుకోమంది!"

"నేనే అన్నా. నా నోట్లో పురుగులు పడ." "రేపటి నుంచి ఇంటి పనంతా అయ్యేదాకా ఈ ఇంట్లో ఎవురికీ పరుపు లేదు. రేప్పొద్దున మీ అక్క పుల్ల కూడా ముట్టుకోదు. అది చేసేయన్నీ మీరు చెయ్యండి. చేస్తే తెలుస్తది."

"విసుర్రాయి ఆడోళ్లది," అన్నాడు మౌలాలీ.

"తినేటప్పుడు ఆడోళ్ల కూడని వదిలేస్తన్నావా? అత్తా, నువ్వు మాట్లాడబాక. ఈరోజు ఎవురు మాట్లాడినా నేను మనిషిని కాదు."

మర్నాడు ఆ ఇల్లు ఒక యుద్ధం. మగపిల్లలిద్దరూ విసుర్రాయికి చెరోవైపు కూర్చున్నారు. పిండి రవ్వరవ్వగా వచ్చింది. చాంద్ బాషా అరచెయ్యి బొబ్బలెక్కింది. గిన్నెలకు మసి పోలేదు. జైనాబ్ బీ గోడ వైపు తిరిగి పడుకుని, గోడతో తన బాధ చెప్పుకుంది. ఖదీజా నిలబడలేక, కూర్చోలేక, ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తల్లి వెనకే తిరిగింది. ఎలాగోలా మధ్యాహ్నానికి పని అయిందనిపించారు.

ఆ రోజు నడవలో ఉన్నది చెన్నకేశవులు గారి పరుపు. ఆయన పత్తి వ్యాపారి, ఊళ్లో పెద్ద ఇల్లు. బట్టకు కంట్రోలు వచ్చి, చిరిగిన చీరలకు అతుకులు వేసుకునే రోజుల్లో కూడా ఆయన భార్య నాగేంద్రమ్మ పెట్టె అడుగు నుంచి మందపాటి చారల గుడ్డ తీసి పంపింది. కొత్తల్లుడు వస్తున్నాడు, పరుపు మెత్తగా ఉండాలంది. అంత మంచి దూది హజ్రా బీ చేతికి ఎన్నడూ రాలేదు.

చీర పరిచి, "పడుకోవే," అంది.

ఖదీజా అంచున కూర్చుంది. "నేను చాప మీదే పడుకుంటాలేమ్మా."

"పడుకోమన్నానా!"

కోపంతో అన్న మాటే. పిల్ల భయపడి పడుకుంది. చేతులు ఒంటికి ఆనించుకుని కర్రలా బిగుసుకుంది. కాసేపటికి భుజాలు జారాయి. ఇంకాసేపటికి అరచేతులు తెరుచుకున్నాయి. ఆ అరచేతుల్లో విసుర్రాయి కాయలు హజ్రా బీ అప్పుడే చూసింది. టంగుటంగుమంటే లేస్తుందని విల్లు పక్కన పెట్టేసి, గోడకు ఆనుకుని కూర్చుంది.

అప్పుడు బండి వచ్చి ఆగింది. అల్లుడు ఒకరోజు ముందే వస్తున్నాడని కబురందిందట. పరుపు చూసి తీసుకుపోదామని నాగేంద్రమ్మ పాలేరును వెంటబెట్టుకుని స్వయంగా వచ్చింది. గుమ్మంలో నిలబడి లోపలికి చూసింది.

"ఏందే ఇది?"

హజ్రా బీ లేచి నిలబడింది.

"ఏందే హజ్రా ఇది? మా అల్లుడు పడుకునే పరుపు మీద ఎవురది?"

"నా కూతురమ్మా."

"సిగ్గులేకుండా చెప్తన్నావే! నీ కూతురిని పడుకోబెట్టడానికా నేను గుడ్డ పంపింది? నా ఇంట్లో నేనే ఆ గుడ్డ ముట్టుకోకుండా దాచాను గదే!"

"గొంతు తగ్గించండమ్మా," అంది హజ్రా బీ. "పిల్ల లేస్తది."

పాలేరు అటువైపు తిరిగి నవ్వాపుకున్నాడు. దాంతో నాగేంద్రమ్మకు కోపం రెట్టింపైంది. బజారంతా వినేలా అరిచింది. జైనాబ్ బీ పరుగున వచ్చి చేతులు జోడించింది. "తప్పైపోయిందమ్మా, చిన్నపిల్ల, తెలియక ఎక్కింది."

"తెలియక ఎక్కలేదు," అంది హజ్రా బీ. "నేనే ఎక్కించా. తప్పు నాది. చీర పరిచే పడుకోబెట్టాను. అయినా గుడ్డ ఊడదీసి ఉతుకుతా. దూది మళ్లీ ఏకుతా. కూలి ఇవ్వొద్దు. రేపు మాపటికల్లా మీ ఇంట్లో ఉంటది."

అక్కడితో ఆగితే ఆగిపోయేది. కానీ ఈలోగా ఖదీజా లేచింది. ఎదురుగా చెన్నకేశవులు గారి భార్యను చూసి, దూకి, పోయి ఆవిడ కాళ్ల మీద పడబోయింది. నాగేంద్రమ్మ చటుక్కున వెనక్కి జరిగి కుచ్చెళ్లు పైకి లాక్కుంది.

"దూరం, దూరం! తలనిండా పేలూ, దుమ్మూ. ఇట్టాంటిదానికి పరుపా? పుట్టిన పుటకకి చాపే ఎక్కువ!"

హజ్రా బీ కూతుర్ని జుట్టు పట్టి లేపినంత పని చేసింది. "లే. ఎవురి కాళ్లూ పట్టుకోబాక. లేవే!" లేపి తన వెనక నిలబెట్టుకుంది. ఆ తర్వాత మాట్లాడలేదు. దూలంలో దోపిన కత్తి తీసింది. నాగేంద్రమ్మ కెవ్వుమంది. పాలేరు ముందుకొచ్చాడు. హజ్రా బీ వాళ్లవైపు చూడనైనా లేదు. పరుపు దగ్గర కూర్చుని కుట్టు తెంపింది. ఒకవైపు, రెండోవైపు. లోపలి దూది రెండు చేతులా బయటికి లాగి వాళ్లు దూది పంపిన గోతాల్లోనే కుక్కింది. గాలికి లేచిన పీచు నాగేంద్రమ్మ జుట్టు మీద, పాలేరు మీసాల మీద వాలింది. గుడ్డ మడతపెట్టి మూట మీద పెట్టింది.

"మీ దూది మీది. మీ గుడ్డ మీది. గురిగింజ ఎత్తు కూడా తగ్గలేదు, చూసుకోండి. మెత్తదనం మాత్రం నాది, నా బిడ్డది. అది మీకివ్వను. తీసుకుపోండి."

"ఈ ఊళ్లో నీకు ఎవురు దూది ఇస్తారో చూస్తా," అంది నాగేంద్రమ్మ బండెక్కుతూ.

అన్నంత పనీ చేసింది. పెద్దిళ్ల నుంచి మూటలు రావడం ఆగిపోయింది. "హజ్రా పరుపులంటే పిల్లలు దొర్లిన పరుపులంట," అని ఊరంతా పాకింది. అందులో అబద్ధం లేదు, అదే ఆవిడను కాల్చింది. జొన్న రొట్టె జావయింది. జావ పలచనైంది. జైనాబ్ బీ పొద్దున లేస్తే తిట్లు, పడుకునేదాకా తిట్లు.

పాపమ్మ చల్లముంత పట్టుకుని మళ్లీ గుమ్మం ఎక్కింది. "చెప్పానా లేదా? తప్పు నీదే హజ్రా."

"తెలుసక్కా. తప్పని తెలిసే ఒళ్లు మండతంది. పిల్లని దించవే అని తిడితే పడేదాన్ని. పుటకకి చాపే ఎక్కువంది చూడు. అది మాత్రం పడను. చచ్చినా పడను."

పాపమ్మ చల్ల గిన్నెలోకి ఒంచింది. "మా పుట్టింటి వైపు శావల్యాపురంలో కాపోళ్లు పత్తి పెట్టుకుని కూర్చున్నారు. ఏకేవాడు లేడు. పరుపు మీద ఎవురు పడుకున్నారని వాళ్లు అడగరు. పోతావా?"

హజ్రా బీ పోయింది. భుజాన విల్లు వేసుకుని, మొగుడు తిరిగినట్టే ఊళ్లు తిరిగింది. కానీ ఎవరి పరుపు మీదా ఇంకెప్పుడూ పిల్లల్ని పడుకోనివ్వలేదు. బహుమానం పోయేసరికి మగపిల్లలు పాత దారి పట్టారు. "పరుపు లేకపోతే మేమెందుకు చెయ్యాలి?" అన్నాడు మౌలాలీ మొహం మీదే. ఆవిడ వాణ్ని కొట్టింది. వాడన్నదాంట్లో తనే నేర్పిన లెక్క ఉందని తెలిసి ఇంకొకటి వేసింది.

సుభానీ రంజాను పండక్కి వచ్చాడు. వచ్చీరాగానే తల్లి అంతా చెప్పింది. నెమ్మదస్తుడు ఆ పొద్దున నెమ్మదిగా లేడు.

"ఊళ్లో పనంతా పోగొట్టావంట గదా. మా నాయన కాలం నుంచి ఇచ్చే ఇళ్లు!"

"పోగొట్టా. నీ కూతురు ఏం చేస్తదో నీకు తెలుసా? పొద్దున లేచి అది ముట్టుకునే మొదటి పనేందో చెప్పు. చెప్పలేవు. నాకూ తెలవలా. అదే నా కోపం. నీ మీద, నీ అమ్మ మీద, ఆ నాగేంద్రమ్మ మహాతల్లి మీద, అందరికంటే ముందు నా మీద!"

సుభానీ కోపంగా తొట్టి దగ్గరికి పోయాడు మొహం కడుక్కోవడానికి. తొట్టి ఎండిపోయి ఉంది. ఖదీజా కడవ అందుకోబోయింది.

"పెట్టవే కింద!" హజ్రా బీ అరుపుకు పిల్ల కడవ వదిలేసింది.

ఎవరూ కదల్లేదు. సుభానీ భార్య వైపు చూశాడు, కొడుకుల వైపు చూశాడు. కొడుకులు నేల చూశారు. తిట్టుకుంటూ కడవ ఎత్తి భుజాన పెట్టుకుని ఆయనే బజారులోకి నడిచాడు. పండక్కి వచ్చిన మగమనిషి కడవతో బావికి పోవడం దూదేకుల బజారు అంతకుముందు చూడలేదు. ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు. ఎవరో కిసుక్కుమన్నారు. సుభానీ చెవులు ఎర్రబడ్డాయి గాని వెనక్కి తిరగలేదు. సగం దారిలో వెనక అడుగుల చప్పుడైంది. చాంద్ బాషా చిన్న కడవతో పరుగెత్తుకొస్తున్నాడు. వాడి వెనక మౌలాలీ, ఏం దొరక్క తప్పేలా పట్టుకుని.

పండగ మూడు రోజులూ ముగ్గురే నీళ్లు మోశారు. తండ్రి బెజవాడ పోయాక కూడా వాళ్లిద్దరూ మానలేదు. ఏమిస్తావని అడగలేదు. ఎందుకు అడగలేదో వాళ్లకూ తెలియదు.

మరుసటి ఎండాకాలం హజ్రా బీ ఇంకో పని మొదలుపెట్టింది. ఇల్లు ఊడ్చినప్పుడు వచ్చే దూదిపీచు పారేయకుండా పాత గోనెలో పోయమంది. పిల్లలు మట్టి దులిపి, నలుసులు ఏరి పోశారు. గోనె నిండేసరికి చలికాలం వచ్చింది. చిరిగిన చీరముక్కలు అతికి తొడుగు కుట్టింది. పరుపు పలచగానే వచ్చింది, రంగురంగుల అతుకులతో చూడటానికి గంగిరెద్దు బొంతలా ఉంది. ఇంట్లో అందరూ చుట్టూ నిలబడ్డారు. ముందు ఖదీజాయే అని తమ్ముళ్లు అన్నారు.

ఖదీజా తల అడ్డంగా ఊపింది. "నాయనమ్మకి నడుం నొప్పమ్మా."

జైనాబ్ బీ ఒప్పుకోలేదు. తిట్టింది. చివరికి హజ్రా బీ చెయ్యి పట్టి దాదాపు తోసినంత పని చేస్తే ముణుకులు పట్టుకుని పడుకుంది. ఆ ముసలమ్మ దూదేకేవాడి కూతురు, దూదేకేవాడి పెళ్లాం, దూదేకేవాడి తల్లి. పళ్లూడిన నోరు బిగించి కప్పు వైపు చాలాసేపు చూసింది. ఉన్నట్టుండి కోడలి మీద గయ్యిమంది.

"ఇన్నేళ్లూ నాకెవురూ చెప్పలేదేందే, ఇట్టుంటదని?"

ముసలమ్మ లేవలేదు. చచ్చిపోయిన మొగుణ్ని, అత్తను, తండ్రిని వరసపెట్టి తిట్టి, తిడుతూ తిడుతూ నిద్రపోయింది.

యుద్ధం అయిపోయి, స్వరాజ్యం కూడా వచ్చాక ఖదీజాకు సంబంధాలు రాసాగాయి. వచ్చిన మొదటివాళ్లు గురజాల వాళ్లు. కుర్రవాడి మేనత్త పిల్లను తేరిపార చూసి, "ఇంటిపనులన్నీ వచ్చా?" అంది.

"వచ్చు," అంది హజ్రా బీ. "మీవాడికేం వచ్చు?"

వాళ్లు షర్బత్ తాగకుండానే లేచిపోయారు. సుభానీ రెండు రోజులు భార్యతో మాట్లాడలేదు. ఆ మాట పల్నాడంతా పాకి, ఆర్నెల్లు ఆ గుమ్మం ఎవరూ ఎక్కలేదు. తర్వాత పిడుగురాళ్ల నుంచి అబ్దుల్ గఫార్ అని సున్నపు బట్టీలో పనిచేసే కుర్రవాడు తల్లితో వచ్చాడు. ఆవిడ అదే ప్రశ్న అడిగింది. హజ్రా బీ అదే జవాబిచ్చింది. తల్లి మొహం మాడ్చుకుంది. కుర్రవాడు మాత్రం తలొంచుకుని, "నీళ్లు మోస్తానండి. బట్టీ దగ్గర మోసేది అదేగా," అన్నాడు.

"మాటలెందుకు? ఆ కడవ తీసుకునిపో."

కుర్రవాడు తల్లి వైపు చూసి, లేచి, కొత్త చొక్కాతోనే కడవ ఎత్తాడు. బావి దారి మౌలాలీ చూపించాడు. తిరిగి వచ్చేసరికి చొక్కా తడిసింది, కడవ సగమే ఉంది. మిగతాదంతా దారిలో ఒలకబోసుకున్నాడు. హజ్రా బీ అందుకూ తిట్టింది. పెళ్లికి మాత్రం ఒప్పుకుంది.